వెంగల్‌లో లంగరేసిన ఓడ

ఏ పాత్ర చేతికొచ్చినా తిరగేసి అడుగు చూడటం నాకున్న జబ్బు. తిరుత్తణిలో కొండకు పోయే దారిలో మా నాన్నది పాత్రల అంగడి. నాకు నడక రాకముందు ఇత్తడి గంగాళంలో కూర్చోబెట్టి ఆయన బేరాలు చేసేవాడట. అందుకే మాటలకన్నా ముందు నాకు బేరం వచ్చిందని మావాళ్ల నమ్మకం. ఎవరు పోతపోశారు, ఎవరింట్లో వాడారు, ఎక్కడ మాటు పడింది, పాత్ర సంగతులన్నీ అడుగునే ఉంటాయి. పైన ఉండేది మెరుపు మాత్రమే.

పెళ్లయి తిరువళ్ళూరు వచ్చిన మొదటిరోజు మా అత్త నాకు అన్నం పెట్టిన కంచాన్ని కూడా, తిని కడిగాక, తిరగేసి చూశాను. ఆమె అది గమనించింది. కొత్త కోడలు కంచం తూకం అంచనా కడుతోందని నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. మర్నాడు ఆమె ట్రంకుపెట్టెలోంచి ఒక చెంచా తీసి నా చేతిలో పెట్టింది.

“దీన్ని తిరగేసి చూడు పాపా. ఏమి కనపడతాదో చెప్పు.”

జర్మన్ సిల్వర్ చెంచా. మంచి బరువు. కాడ వెనక గుండ్రంగా చుట్టిన తాడు, ఆ తాడు మధ్యలో ఒంటికాలి మీద నిలబడిన కొంగ. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు.

“కొంగ ఉండాది. ఏదో హోటలుదా అత్తా?”

“కప్పల్‌ది. నేను పుట్టింది ఆ కప్పల్లోనే.”

మా వైపు తెలుగిళ్లలో ఓడను ఎవరూ ఓడ అనరు, కప్పల్ అనే అంటారు. మా అత్త కథ ఆ రోజు మొదటిసారి విన్నాను. ఆమె తల్లిదండ్రులు పినాంగు దగ్గర రబ్బరు తోటలో పనిచేశారు. ఇక చాలనుకుని మద్రాసు ఓడ ఎక్కేనాటికి తల్లి నిండు చూలాలు. వాళ్లు కొన్నది గది టిక్కెట్టు కాదు. ఓడ పైభాగంలో చెక్కల నేల మీద ఎవరి చాప వాళ్లు పరుచుకుని, ఎవరి చెంబులు వాళ్లు పెట్టుకుని వచ్చే టిక్కెట్టు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం, చెక్కల సందుల్లో పోసిన తారు ఎండకు కరుగుతుండగా, నాలుగు చీరలు అడ్డం కట్టిన మరుగులో మా అత్త పుట్టింది. ఓడ వంటమనిషి ఒకాయన చక్కెరనీళ్లు కలిపి ఆ చెంచాతో పంపాడు. దిగేటప్పుడు ఆయన చెంచా అడగడం మర్చిపోయాడా, వీళ్లు ఇవ్వడం మర్చిపోయారా అన్నది మా అత్త ఎన్నడూ తేల్చి చెప్పలేదు.

చెంచాతోపాటు ఆ ట్రంకులో ఒక ముతక గుడ్డ కూడా ఉండేది. కాన్పప్పుడు తల్లి కింద పరిచిన దుప్పటి. కరిగిన తారు అంటుకుని దాని మీద ఐదు నల్లగీతలు అడ్డంగా పడ్డాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. గీతకూ గీతకూ మధ్య నా చేతి నాలుగు వేళ్లూ బొటనవేలూ కలిపి పెట్టినంత దూరం. చివరి రెండు గీతల మధ్య మాత్రం మూడు వేళ్లే పట్టేవి.

ఇంత వస్తుసాక్ష్యం ఉన్నా ఆ కథను నమ్మనివాడు ఒక్కడుండేవాడు. ఆమె సొంత తమ్ముడు. నాకు మామ వరస. రైల్వేలో పనిచేసి రిటైరై తిరుత్తణిలో ఉంటాడు. ఓడ దిగిన తర్వాత పుట్టినవాడు కాబట్టి ఓడకు సంబంధించిన విషయాలన్నీ ఆయనకే ఎక్కువ తెలుసు. అక్కను బళ్లో చేర్చేటప్పుడు పుట్టిన ఊరేదని పంతులడిగితే, కప్పలంటే ఏ జిల్లా అని అడుగుతాడని భయపడి, తండ్రి తిరుత్తణి అని రాయించాడు. అప్పటినుంచి ఆమె కాగితాలన్నిట్లోనూ తిరుత్తణే. మామకు ఆ కాగితమే వేదం. మా ఇంటి ఏ శుభకార్యానికి వచ్చినా గడపలోనే మొదలుపెట్టేవాడు.

“కప్పల్ మహారాణి ఉండాదా ఇంట్లో?”

“ఉండాది. నువ్వు రైలు దిగి వచ్చినావు గదా, చెయ్యి కడుక్కో,” అనేది మా అత్త.

“అది బండి కందెన మరకక్కా. అమ్మ ఎడ్లబండి కింద పడుకొని ఉంటాది.”

“అమ్మ అబద్ధం చెప్పిందంటావా?”

“అబద్ధం అనలే. కొంచెం పెద్దది చేసి చెప్పింది. చెంచా కూడా ఎవురో ఇచ్చిందే అయ్యుంటాది.”

అందరూ నవ్వేవాళ్లు. మా అత్త కూడా నవ్వేది. కానీ ఒకసారి పప్పు రుబ్బుతూ నాతో చెప్పింది. “నేను యాడ పుట్టుంటే ఏముండాది పాపా. అమ్మ మంచంలో ఉన్నప్పుడు చివరిసారి ఈ కథ చెప్పింది. వీడు అప్పుడు కూడా నవ్వినాడు. ఆమె మొగం అటు తిప్పుకునింది. ఆమె చెప్పింది నిజమని వాడి నోట రావల్ల. నాకు ఇంకేమీ వద్దు.”

ఆమెకు డెబ్బై దాటాయి. ఆ మాట విన్నప్పుడు నాకు అనిపించింది, దీనికి బేరం లేదు, వస్తువును వెతికి తెచ్చి ముందు పెట్టడం ఒక్కటే మార్గమని.

మొదట నా కూతురు ఫోన్‌లో వెతికింది. చెంచా మీది పేరు కొడితే ఓడ దొరికింది. నలుపు తెలుపు ఫోటో. పొగగొట్టం మీద అదే కొంగ. మద్రాసు నుంచి పినాంగుకూ సింగపూరుకూ మనుషుల్ని మోసింది. విమానాలు వచ్చి ఎక్కేవాళ్లు తగ్గాక కొన్నాళ్లు సరుకులు మోసింది. ఆ తర్వాత బొంబాయిలో ఊరకే నిలబడింది. చివర్లో ఒకే ఒక్క మాట రాసి ఉంది. దానికి నా కూతురు తమిళంలో అర్థం చూసి తెలుగులో చెప్పింది. “విరగ్గొట్టేసినారు అవ్వా.”

మా అత్త ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. “ఇంత పెద్దదా,” అని మాత్రం అంది. ఆ పూట అన్నం సగంలో లేచింది. ఫోటో మామకు పంపితే ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

“కప్పలుందని నేను ఎప్పుడు కాదన్నా? రాష్ట్రపతి భవనం కూడా ఉండాది. నేను దాంట్లో పుట్టినానని చెప్తే నమ్ముతారా?”

నాకు, అంగట్లో కొనేవాడు సరైన లోపం పట్టుకున్నప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. వ్యవహారం అక్కడ ఆగిపోయింది.

మళ్లీ కదిలింది కనకమ్మసత్రంలో, దూరపు చుట్టాల పెళ్లిలో. భోజనాల్లో పాయసం వడ్డించే గిన్నె నా ఎదుట ఖాళీ అయింది. మూత, రెండు పక్కలా చెవులు, ఏనుగు పిల్లంత బరువు. ఇట్లాంటి గిన్నెలు ఇప్పుడు ఎవరూ చెయ్యరు. వడ్డించేవాడు అటు తిరగగానే నా జబ్బు నన్ను ఊరుకోనివ్వలేదు. తిరగేశాను. అడుగున మిగిలిన పాయసం నా పట్టుచీర మీద పడింది. గిన్నె కింద తాడు చుట్ట, ఒంటికాలి కొంగ, అదే పేరు.

పక్కన కూర్చున్న మామ చీర వైపు చూసి, “పాయసం కూడా తిరగేసి చూస్తావా అమ్మాయ్?” అన్నాడు. ఆయనకేమీ చెప్పలేదు. ఎందుకంటే మా అంగడి చదువులో మొదటి పాఠం, నీకు కావలసిన వస్తువు వైపు చూడకూడదు. దాని పక్కనున్న వస్తువును చూడాలి. తర్వాత కావలసినదాంట్లో లోపాలు చెప్పాలి. చివరికి చెప్పులు తొడుక్కోవాలి. చెప్పులు తొడుక్కున్న మనిషిని ఎంతటి వ్యాపారైనా వెనక్కి పిలుస్తాడు. నా చెప్పుల జత చూసి తగ్గని ధర నేను చూడలేదు.

ఆ పెళ్లి వంట కాంట్రాక్టరుది తిరువళ్ళూరే. మరుసటివారం ఆయన గోదాముకు పోయాను. ఓడ సంగతి నేరుగా అడిగితే గిన్నెల విలువ పెంచేస్తాడని, మా అంగట్లో పాతవి ఇచ్చి కొత్తవి తీసుకునే పథకం చెప్పడానికి వచ్చినట్టు నటించాను. అరగంట మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చేసరికి మా అత్త వాకిట్లోనే అడిగింది.

“కప్పల్ సంగతి ఏమైనాది?”

అప్పుడు గుర్తొచ్చింది. అడగడం మర్చిపోయాను. ఓడ జాడ కోసం పోయినదాన్ని ఒక పెద్ద ఇడ్లీ కుండ అమ్మి వచ్చాను.

రెండోసారి ఇడ్లీ కుండ మూత సరిగా కూర్చుందా లేదా చూసే వంకతో పోయి, పక్కచూపుతో అడిగాను. “ఆ మూల పడున్న పాతవి ఏందన్నా? ఎవురూ వాడనట్టు ఉండాయే.”

“అదా, కొంగ సామాను అక్కా. మా నాయన బొంబాయి నించి తెచ్చినాడు. యాదో కప్పల్ విరగ్గొట్టి వేలం వేసినారంట. మా నాయనా, వెంగల్లో ఆయన స్నేహితుడూ ఇద్దరూ పోయినారు. మా నాయన వంట సామాను తీసుకున్నాడు. ఆయన నేల తీసుకున్నాడు.”

“నేలా?”

“కప్పల్ పైన జనం పండుకుంటారే, ఆ నేల. టేకు చెక్కలు. లారీకెత్తి తెచ్చి వడ్ల గోదాములో పరిచినాడు. ఆయన లేడు. కొడుకుండాడు, గోదాము కూడా ఉండాది.”

నా గుండె ఎంత కొట్టుకుందో ఆ కుండ మూతకే తెలుసు. ముఖం మాత్రం కదలనివ్వలేదు. “అయ్యో, ఎంత కర్మ, వడ్లకు చెక్కనేలా,” అని సానుభూతి చూపించి బయటపడ్డాను.

మర్నాడు ఒక్కదాన్నే వెంగల్ బస్సెక్కాను. ఆ కొడుకే ఇప్పుడు వడ్ల ఆసామి, నెమ్మదైన పెద్దమనిషి. ఒక్క ప్రశ్న అడగకుండా గోదాము తలుపు తీశాడు. లోపల బస్తాల మధ్య ఆ నేల కనిపించింది. పొడుగాటి పలకలు, నడిచి నడిచి నునుపెక్కినవి. వాటి మధ్య నల్లటి తారు గీతలు. పలకల మీద వరసగా రూపాయి బిళ్లంత గుండ్రటి చెక్క బిరడాలు. కింద జారిపోయిన కొంగు తీసుకుంటున్నట్టు వంగి, గీతకూ గీతకూ మధ్య చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్లూ బొటనవేలూ.

అప్పుడు నేను ఆ మనిషికి నిజం చెప్పి ఉండాల్సింది. అయ్యా, మా అత్త పుట్టిన నేల ఇది, ఒకసారి తీసుకొచ్చి చూపిస్తానంటే చాలు. కానీ నాలుక నాన్న దగ్గర పెరిగింది. నాలుగు పలకలు కొనుక్కుపోయి మా అత్త మంచం ముందు పరిస్తే మామ వచ్చినప్పుడల్లా వాటిని దాటుకుని రావాలన్న ఆశ ఒకటి పుట్టింది. ఆశ పుట్టాక నాలుక తన పని తాను మొదలుపెట్టింది.

“ఏందయ్యా, తారు వాసన కొడతా ఉండాది. వడ్లకు ఎక్కదా?”

“నాకు తెలీలేదమ్మా ఇన్నాళ్లు.”

“మాను ప్రాణం పోయినాది. చూడండి, రంగే లేదు. ఎప్పుడు విరగతాదో, బస్తా కింద మనిషి పడితే ఎట్ల? ఇది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. కావాలంటే ఒక నాలుగు చెక్కలు నేను తీసుకుపోతా. మీకు బరువు తగ్గతాది.”

ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. “అట్లనా అమ్మా,” అన్నాడు. నేను చెప్పులు తొడుక్కున్నాను. ఆయన పిలవలేదు. వాకిలి దాటాను. పిలవలేదు. రోడ్డు మీద నిలబడి వచ్చిన బస్సును వదిలేశాను. ఇంకొకటి వదిలేశాను. వెనక్కి చూస్తే ఆయన గోదాము తలుపుకు తాళం వేస్తున్నాడు.

ఇంట్లో చెబితే మా అత్త రుసరుసలాడింది. “చూసి రమ్మంటే బేరం ఆడొచ్చినావా?”

“నడస్తా ఉండాది అత్తా. నాలుగు దినాలు ఆగితే ఆయనే దిగతాడు.”

“ఎవురు దిగతారో చూస్తాం.”

నాలుగు రోజులు ఆగాను. ఐదోరోజు పొద్దున కాంట్రాక్టరు దగ్గర నంబరు తీసుకుని ఆసామికి ఫోన్ చేశాను. ఆయన గొంతులో కృతజ్ఞత పొంగిపొర్లింది.

“నువ్వు సమయానికి వచ్చి నా కండ్లు తెరిపించినావు తల్లీ. బయటి మనిషివి, నీకేం అవసరం, అయినా ఉన్నదున్నట్టు చెప్పినావు. అంతా పీకించి సిమెంటు వేయిస్తా ఉండా. పొయ్యిలోకే పనికొస్తాదన్నావు గదా, ఇటుకల బట్టీవాళ్లకు చెప్పినా. ట్రాక్టరు తెచ్చినారు. సగం ఎక్కించినారు.”

నా జీవితంలో నేను ఆడిన బేరాల్లో ఒక మనిషి నా మాటను అక్షరాలా నమ్మడం అదే మొదటిసారి.

ఆ పొద్దున కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి మామ మా ఇంట్లోనే ఉన్నాడు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే విషయం అడిగాడు. దాచడానికి తీరిక లేదు. మొత్తం చెప్పేశాను. ఆయన కాఫీ లోటా కింద పెట్టి నవ్వాడు.

“ఏందీ, బొంబాయిలో విరగ్గొట్టిన కప్పల్‌ను నువ్వు వెంగల్లో కాల్చి బూడిద చేస్తా ఉండావా? ఇది చూడాల్సిందే. నేనూ వస్తా.”

మా అత్త ట్రంకు తెరిచి గుడ్డ తీసి సంచిలో పెట్టుకుని, మాకంటే ముందు పోయి ఆటోలో కూర్చుంది. దారిపొడుగునా ముగ్గురిలో మామ ఒక్కడే మాట్లాడాడు.

మేము దిగేసరికి గోదాములో సగం నేల పోయి మట్టి కనపడుతోంది. ట్రాక్టరు తొట్టిలో పలకలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. ఆసామి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, “రా తల్లీ, నీ మాట ప్రకారమే చేస్తా ఉండా,” అన్నాడు.

ఇక నటించడానికి పక్కన చూసేందుకు వేరే వస్తువు కూడా లేదు.

“అయ్యా, ఆ దినం నేను చెప్పిందంతా అబద్ధం,” అన్నాను.

ట్రాక్టరు దగ్గరున్న ఇద్దరు కూలీలు చేతిలోని పలకను అట్లాగే పట్టుకుని ఆగిపోయారు.

“మరి ఎందుకట్ల చెప్పినావమ్మా?”

“నాకు కావాలని.”

“కావాలంటే బాగుందని చెప్పల్ల గదా?”

“మా అంగట్లో కావాలంటే బాగలేదని చెప్తామయ్యా. మీరు లేదు బాగుందనల్ల. నేను కాదనల్ల. అట్ల పోతాది.”

ఆసామి కొంచెంసేపు ఆలోచించాడు. “మా వైపు కావాలంటే కావాలనే అంటాము,” అన్నాడు. “ఇప్పుడు నీ రెండు మాటల్లో ఏది నమ్మేది? సరే, బాగుంటే బాగుందని చెప్పు. వీళ్లందరి ఎదుట చెప్పు. వింటాను.”

ఎదుటివాడి సరుకును వాడి ముందే పొగడటం మా ఇంటావంటా లేదు. గొంతు సవరించుకున్నాను. మామ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

“అయ్యా, ఇది టేకులో టేకు. ఉప్పుగాలీ ఎండా వానా తిని కూడా వంకర పోలే. చెద ముట్టలే. ఎలక పన్ను దిగలే. మీ నాయన బొంబాయి దాకా పోయి ఏరి తెచ్చినాడంటే ఆయన చూపు అట్లాంటిది. ఇన్నేండ్లు మీ వడ్లను తడి తగలకుండా మోసింది. తారు వాసన నా ముక్కులో ఉండింది, నేలలో లేదు. ఇట్లాంటి నేల ఈ చుట్టుపక్కల ఏ మిరాసుదారుడి ఇంట్లోనూ లేదు. దీన్ని పొయ్యిలోకి పంపమన్న నాలికను ముందు పొయ్యిలో పెట్టల్ల.”

చెప్పేకొద్దీ నాకే ఊపొచ్చింది. నలభై ఏళ్లుగా నొక్కిపెట్టిన పొగడ్త ఒక్కసారిగా బయటికొచ్చినట్టుంది. తర్వాత మా అత్తను చూపించి, ఆమె ఎక్కడ పుట్టిందో, తమ్ముడు ఏమంటాడో, మేమెందుకొచ్చామో చెప్పాను. ఆసామి మా అత్త వైపు తిరిగి చేతులు జోడించాడు. బట్టీవాళ్లతో దించమని చెప్పాడు.

“మాకు మాట ఇచ్చినారే అయ్యా,” అన్నాడు ట్రాక్టరతను. “ఖాళీ తొట్టితో పోతే మా ఓనరు సుమ్మా ఉంటాడా?”

ఇక్కడ నా చదువు పనికొచ్చింది. గోదాము వెనక గాలికి పడిపోయిన మామిడిచెట్టు ఒకటి వచ్చేటప్పుడే చూసుకున్నాను. “నీకు కావాల్సింది మంట. టేకు సన్న పలక, గప్పున అంటుకొని గప్పున ఆరిపోతాది. మామిడి మొద్దు నిదానంగా కాలతాది, ఇటుక ఎర్రగా వస్తాది. దాన్ని తీసుకుపో. అయ్యకూ జాగా ఖాళీ అవుతాది.” అతను ఆసామి వైపు చూశాడు. ఆసామి తల ఊపాడు. బేరం చెప్పుల దాకా పోకుండానే తెగింది.

వేడి మీద ఉన్నాను కదా, రెండోది కూడా తెంచేద్దామనుకున్నాను. “అయ్యా, ఒక నాలుగు పలకలు మాకు...”

“అమ్మనమ్మా,” అన్నాడు ఆసామి. “ఇంత మంచి మానని నువ్వే చెప్పినావు గదా. ఇట్లాంటిది ఎవురైనా అమ్ముతారా?”

మామ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే మా అత్త చెప్పులు విడిచి గోదాములోకి నడిచింది. మిగిలిన నేల మీద సంచి దించి, దుప్పటి తీసి పరిచింది. మేము వెనకే పోయాం.

గుడ్డను ఇటు లాగింది, అటు లాగింది. మొదటి నల్లగీత నేల మీద తారు గీత మీద కూర్చుంది. రెండోది కూర్చుంది. మూడోది, నాలుగోది. ఎవరో కొలిచి గీసినట్టు నాలుగు గీతలు నాలుగు సందుల మీద పడుకున్నాయి. మా అత్త తలెత్తి తమ్ముణ్ణి చూసింది. 

మామ వంగి చూశాడు. నవ్వు పోయింది కానీ వాదం పోలేదు. “ఐదోది కలవలేదు. ఇక్కడ చూడు, మూడు వేళ్లే ఉండాది. అన్ని పలకలూ ఒకే వెడల్పు గదా. మరి ఇది యాడ నించి వచ్చినట్టు?”

నిజమే. ఐదో గీత పలక మధ్యలో పడింది.  మా అత్త మాత్రం నిమ్మళంగా అంది. “ఉంటాది. నువ్వే వెతుకు. బయటున్నాయి గదా సగం.”

మామ బయటికి నడిచాడు. ట్రాక్టరు తొట్టి దగ్గర నిలబడి చూశాడు. ఒక కూలీ చెయ్యి అందిస్తే వద్దని, తెల్లపంచె ఎగ్గట్టి తనే చక్రం మీద కాలు పెట్టి ఎక్కాడు. ఒక్కో పలక చూసి పక్కకు జరిపాడు. కంటి చుక్కలు వేయించుకోవాల్సిన మనిషి, ఎండలో కళ్లు చికిలించి ప్రతి పలక మీదా తన చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచాడు. పంచె నిండా తారు, దుమ్ము. కూలీలు సాయం చెయ్యబోతే విసుక్కున్నాడు. నేను లోపలినుంచి చూస్తున్నాను. ఆయన వెతుకుతున్నది దొరకకూడదనో, దొరకాలనో, మొదట్లో చెప్పలేకపోయాను. పది పలకలయ్యాక ఆయన వేగం పెరగడం చూస్తే అర్థమైంది.

అడుగున ఉన్న పలకల దగ్గర ఆగాడు. చెయ్యి పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు. మూడు వేళ్లు.

“దించండి దీన్ని,” అన్నాడు. “మెల్లిగా.”

ఓడకు ఎప్పుడో మరమ్మతు చేసినప్పుడు వేసిన సన్న పలక అయ్యుంటుంది. ఒక కొస ఆయన, రెండో కొస ట్రాక్టరతను పట్టుకుని లోపలికి తెచ్చారు. గుడ్డ నాలుగో గీతను అంచు పలక దాకా జరిపి, దాని పక్కన సన్న పలకను ఆనించారు. ఐదో గీత వచ్చి పలక అంచు మీద నిలిచింది. అందరం చూశాం. ఆసామి కూడా మోకాళ్ల మీద కూర్చుని చూశాడు.

మామ ఆ గుడ్డ పక్కనే నేల మీద కూలబడ్డాడు. చేతులకున్న తారును పంచెకు తుడుచుకున్నాడు.  నేను నోరు మూసుకునే ఉన్నాను. అది నాకు ఎంత కష్టమో మావాళ్లకు తెలుసు.

“అమ్మ నిజమే చెప్పినాదక్కా,” అన్నాడు.

మా అత్త దుప్పటి మీద, నాలుగో గీతకూ ఐదో గీతకూ నడుమ కూర్చుంది. మొహంలో ఒక్క కండరం కదల్లేదు. అంత గెలుపును అంత తక్కువగా బయటపెట్టిన మనిషిని నేను అంగట్లో కూడా చూడలేదు.

“అయితే మొదట్నించి చెప్పు,” అన్నాడు మామ. “నేనెప్పుడూ సరిగా వినలే. ఎండ ఎటు పక్క నించి వస్తా ఉండింది? నాయన యాడ నిలబడినాడు?”

“చెప్తా. మధ్యలో నవ్వకూడదు.”

“నవ్వను.”

“ఊఁ కొట్టల్ల.”

“కొడతాలే అక్కా, చెప్పు.”

ట్రాక్టరతను పోయి ఇంజను ఆపి వచ్చాడు. ఆసామి బస్తాకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు.

“పినాంగులో కప్పలెక్కేటప్పటికి అమ్మకు నెలలు నిండినాయి,” అని మొదలుపెట్టింది మా అత్త.

“ఊఁ.”

“చాప పరిచే జాగా కోసం నాయన ఒక మలయాళీతో పోట్లాడినాడు.”

“ఊఁ.”

ఆ కథ నాకు కంఠస్థం. అయినా ఆ పూట కొత్తగా విన్నాను. మద్రాసు రేవు వచ్చేదాకా మామ ఒక్కచోట కూడా ఊఁ తప్పలేదు.